ఎర్రర్ కాయినా, దెబ్బతిన్న కాయినా? మీ ఆరు నాణేల సంగతి

మీ ఫోటోలన్నీ చూశానండి. కొత్తగా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న ముందు క్లుప్తంగా చెప్తాను. తాతగారి పాత డబ్బాలో తేడాగా ఉన్న నాణేలు ఆరు దొరికాయి. అంచు కొరికేసినట్టున్న స్టీలు రూపాయి ఒకటి. దళసరి ఐదు రూపాయల బిళ్ల మీద, 5 అంకె ఉన్న వైపు, తిరగబడిన సింహాల గుర్తులు. రాగి రంగులోకి మారిన 1989 రూపాయి. మధ్య బిళ్ల పక్కకి తిరిగిన పది రూపాయల నాణెం. సంవత్సరం రెండుసార్లు పడినట్టున్న రెండు రూపాయల స్టీలు నాణెం. సాగి కోలగా అయిపోయిన ఖడ్గమృగం పావలా. ఇవన్నీ లక్షలు పలుకుతాయని ఒక వీడియోలో చూశారు. తెలిసినాయన మాత్రం అన్నీ పాడైపోయిన చిల్లరే, పారేయమన్నారు. ఎవరి మాట నిజమని అడిగారు.

ఇద్దరిదీ నిజం కాదు. స్టీలు రూపాయి నికార్సయిన ఎర్రర్, అంటే నాణేలు తయారుచేసే మింట్‌లోనే జరిగిన పొరపాటు. రెండు రూపాయల నాణెం మీద తేడా కూడా మింట్‌లో వచ్చిందే, కానీ దానికి విలువ లేదు. ఐదు, పది, పావలా బయట పాడైనవి. రాగి రంగు రూపాయిని ఫోటోలో చూసి తేల్చలేం. అలా ఎందుకన్నానో వివరంగా చెప్తాను. ఒకసారి అర్థమైతే రేపు డబ్బాలో ఏడోది దొరికినా మీరే తేల్చుకోగలరు.

ముందు నాణెం తయారీ గురించి నాలుగు మాటలు. మింట్‌లో పొడవాటి లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు. వాటి మీద ఇంకా ఏ బొమ్మా ఉండదు, బ్లాంకులు అంటాం. వాటిని కొలిమిలో వేడిచేసి మెత్తబరుస్తారు. తర్వాత ఒక యంత్రం ఆ బిళ్ల అంచుని చుట్టూ నొక్కి కాస్త లేపుతుంది. మనం రిమ్ అనేదానికి అక్కడే పునాది పడుతుంది. చివరికి ప్రెస్. కింద ఒక డై, పైన ఒక డై (బొమ్మని గుంటలుగా చెక్కిన ఉక్కు అచ్చులు), చుట్టూ కాలర్ అనే ఉక్కు వలయం. బ్లాంకు ఆ వలయంలో కూర్చుంటుంది, ఒక్క దెబ్బ పడుతుంది. ఆ ఒత్తిడికి లోహం పారి డైలలోని గుంటల్లోకి వెళ్తుంది, బొమ్మ వస్తుంది. పక్కలకి పారిన లోహాన్ని కాలర్ ఆపుతుంది కాబట్టి నాణెం కొలతకి సరిగ్గా వస్తుంది. బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఆ ఒక్క దెబ్బలోనే తయారవుతాయి.

నేను చూసేదల్లా ఒకటే: ఈ తేడా పై దశల్లో ఎక్కడ జరిగి ఉండగలదు? ఏదో ఒక దశ చెప్పగలిగితే, ఆ దశలో పొరపాటు జరిగితే నాణెం మీద ఇంకా ఎక్కడెక్కడ ఆనవాళ్లు ఉండాలో అవి వెతుకుతాను. ఒకే దెబ్బకి మూడు వైపులా తయారైన వస్తువు కదా, మింట్‌లో జరిగిన తప్పు ఒక్కచోటే ఉండి మిగతా నాణెం మామూలుగా ఉండటం అరుదు. ఏ దశలోనూ కుదరకపోతే అది బయట జరిగిందే. ఎంత వింతగా ఉన్నా సరే.

ఇప్పుడు మీ స్టీలు రూపాయి. 1998ది, 4.52 గ్రాములు తూగిందన్నారు. ఈ రకం రూపాయి మామూలు బరువు 4.85 గ్రాములు, వ్యాసం 25 మిల్లీమీటర్లు. బరువు తగ్గిందని సంబరపడకండి, కత్తెరతో ముక్క కోసినా బరువు తగ్గుతుంది. బరువు ఇక్కడ ఏమీ తేల్చదు. తేల్చేది ఆ గాటు ఆకారం, దాని చుట్టుపక్కల జరిగింది.

గ్లాసు బోర్లించి పిండి మీద పూరీలు కోసేటప్పుడు, అప్పటికే కోసిన చోటుకి గ్లాసు కాస్త జరిగితే తర్వాతి పూరీకి ఒక పక్క నెలవంక ఆకారంలో ముక్క పోతుంది చూడండి. అచ్చంగా అదే ఇక్కడ జరిగింది. రేకు సరిగ్గా ముందుకి జరగలేదు, బిళ్లలు కోసే పంచ్ అంతకుముందు పడిన రంధ్రం మీదికి కొంచెం వెళ్లింది. ఫలితంగా ముక్క తక్కువైన బ్లాంకు. దీన్ని క్లిప్ అంటారు. అందుకే నిజమైన క్లిప్ వంపు నాణెం వంపుతో దాదాపు సరిపోవాలి. అలాంటిదే ఇంకో మంచి రూపాయి తీసుకుని గాటు దగ్గర పెట్టి చూడండి. మీ ఫోటోలో నేను కొలిస్తే బాగా సరిపోయింది. ఆకురాయితో గుండ్రంగా అరగదీసిన గాటు సాధారణంగా ఇంత కచ్చితంగా రాదు.

తర్వాతది ఇంకా ముఖ్యం. గాటు ముందు పడింది, బొమ్మ తర్వాత పడింది. అంటే ప్రెస్ దెబ్బ పడేసరికే అక్కడ లోహం లేదు, కాలర్‌కీ బిళ్లకీ మధ్య ఖాళీ ఉంది. లోహం ఎటు ఖాళీ ఉంటే అటు పారుతుంది. కాబట్టి గాటు పక్కనున్న అక్షరాలు గాటు వైపు కాస్త సాగి, పలచబడి, మెల్లగా మాసిపోవాలి. మీ నాణెం మీద 'ఇండియా' అనే ఇంగ్లీషు మాటలో చివరి అక్షరం కాలు చూడండి, గాటు వైపు వెడల్పై జారిపోయింది. కోసిన నాణెం మీద అక్షరం పూర్తి ఎత్తులో ఉండి ఠక్కున తెగిపోతుంది. భూతద్దంలో ఈ తేడా చూశాక మళ్లీ పొరపడరు.

మూడోది, కొత్తవాళ్లెవరూ చూడని చోటు. గాటుకి సరిగ్గా ఎదురుగా, అవతలి అంచు. మీ ఫోటోలో అక్కడ రిమ్ పలచగా, దాదాపు లేనట్టుగా ఉంది. కారణం అంచు లేపే యంత్రం. బిళ్లని రెండు పక్కల నుంచి నొక్కితేనే అంచు లేస్తుంది. ఒక పక్క గాటు ఉంటే అక్కడ ఒత్తడానికి ఏమీ ఉండదు, కాబట్టి ఎదురు పక్క కూడా ఒత్తిడి పడదు, రిమ్ సరిగా రాదు. దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. అన్ని క్లిప్ నాణేల మీదా ఇది కనిపించదు, లేనంత మాత్రాన దొంగది అనకూడదు. కానీ ఉంటే మాత్రం చాలా బలమైన సాక్ష్యం. బజారులో కూర్చుని రూపాయిని అరగదీసేవాడికి ఎదురు అంచు పలచన చేయాలన్న ఆలోచనే రాదు, వచ్చినా రెండు వైపులా సహజంగా చేయలేడు.

వంపు, సాగిన అక్షరాలు, ఎదురు అంచు. మూడూ ఉన్నాయి కాబట్టే దీని గురించి అంత ఖాయంగా చెప్పాను.

ఇక ఐదు రూపాయల బిళ్ల. మీరు ఎక్కువ ఆశ పెట్టుకున్నది దీని మీదే అనుకుంటాను, అందుకే కాస్త ఎక్కువే చెప్తాను. 9 గ్రాముల కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) బిళ్ల, 1992 నుంచి వచ్చిన రకం. 5 అంకె ఉన్న వైపు సింహాల బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి నొక్కుకుని కనిపిస్తోంది. వీడియోలో దీన్ని బ్రోకేజ్ అన్నారు. బ్రోకేజ్ అనేది నిజంగా ఉంది, దానికి మంచి ధర కూడా ఉంది. కానీ అదెలా వస్తుందో ఒకసారి ఊహించుకోండి.

అప్పుడే ముద్రపడిన నాణెం ఒకటి బయటికి రాకుండా డైకి అతుక్కుపోయిందనుకుందాం. 5 అంకె ముద్రించే డైకి అతుక్కుంది. అంటే బయటికి కనిపించేది దాని సింహాల వైపు. ఇప్పుడు కొత్త బ్లాంకు వచ్చి కూర్చుంది, దెబ్బ పడింది. ఒక వైపు మామూలుగా సింహాల డై తగిలింది, మంచి బొమ్మ వచ్చింది. రెండో వైపు డై తగలనే లేదు, మధ్యలో ఆ అతుక్కున్న నాణెం అడ్డుంది. దాని సింహాల బొమ్మ ఈ బ్లాంకులోకి దిగబడింది. అంటే అసలైన బ్రోకేజ్‌కి రెండు వైపులా సింహాలే ఉండాలి, ఒక వైపు ఉబ్బుగా, ఇంకోవైపు తిరగబడి లోపలికి. 5 అంకె అసలు ఉండకూడదు. ఆ డై ఈ నాణేన్ని ముట్టుకోలేదు కదా! మీ బిళ్ల మీద 5 అంకె, దాని పక్కన పూల డిజైన్ నిక్షేపంగా ఉన్నాయి, వాటి పైన సింహాల గీతలు పడ్డాయి. అంటే మంచి నాణెం పూర్తిగా తయారయ్యాక ఇంకో నాణెంతో కలిపి నొక్కారు.

ఇక్కడ ఇంకో అనుమానం రావాలి. వచ్చే ఉంటుంది కూడా. 5 అంకె ఉండి, తిరగబడిన సింహాల ఆనవాళ్లు కూడా మింట్‌లోనే పడే పద్ధతి ఒకటుంది. బ్లాంకు రాకుండానే ప్రెస్ దెబ్బ పడితే రెండు డైలూ ఒకదానికొకటి ఢీకొంటాయి. ఒకదాని బొమ్మ రూపురేఖలు రెండోదాని మీద లీలగా పడతాయి. ఆ తర్వాత ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా ఆ ఛాయ వస్తుంది. దీన్ని డై క్లాష్ అంటారు. మరి మీది ఇదెందుకు కాకూడదు?

భూతద్దం పెట్టి ఆ తిరగబడిన గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. డై మీద బొమ్మంతా గుంటల్లో ఉంటుంది, ఎత్తుగా ఉండేది ఖాళీ మైదానం. రెండు డైలు ఢీకొన్నప్పుడు మైదానం మైదానానికి తగులుతుంది, గుంటల లోపలికి దెబ్బ అందదు. అందుకే క్లాష్ ఛాయ నాణెం మీద ఖాళీ జాగాలోనే కనిపిస్తుంది, 5 అంకె పైన గానీ అక్షరాల పైన గానీ ఉండదు. అదే రెండు నాణేల్ని వైస్‌లో, అంటే వర్క్‌షాపు బల్లకి ఉండే బిగింపు పనిముట్టులో, పెట్టి బిగిస్తే ముందు తగిలేవి రెండింటి మీదా ఎత్తుగా ఉన్న భాగాలు. కాబట్టి గాయం అంకె నెత్తిన, అక్షరాల పైన పడుతుంది. మీ బిళ్ల మీద 5 అంకె పొట్ట మీదే సింహం గీత పడి చదునైంది. రిమ్ కూడా ఒకవైపు నలిగింది. ఇది వైస్‌లో తయారైన సరుకు. మీ తాతగారు కావాలని చేశారని నా ఉద్దేశం కాదు, ఇలాంటివి చిల్లరలో ఎన్నో తిరుగుతుంటాయి.

సరే, ఇది దాటాం. పావలా గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. రైలు పట్టా మీద నాణెం పెట్టని చిన్నతనం మనలో ఎంతమందికి ఉంది? 19 మిల్లీమీటర్ల పావలా కోలగా సాగింది, ఖడ్గమృగం కూడా దాంతో పాటే సాగింది. మింట్‌లో కాలర్ లేకుండా దెబ్బ పడినా నాణెం వెడల్పవుతుంది, బ్రాడ్‌స్ట్రైక్ అంటారు. కానీ అప్పుడు మధ్యలో బొమ్మ మామూలు సైజులో స్ఫుటంగా ఉంటుంది, వెడల్పయ్యేది అంచు మాత్రమే. బొమ్మే సాగిందంటే బొమ్మ పడ్డాక నొక్కినట్టు. బరువు మామూలు 2.83 గ్రాములే ఉందని మీరు సాక్ష్యంగా చెప్పారు. రైలు కింద పడ్డా లోహం ఎక్కడికీ పోదు కదండీ.

పది రూపాయల నాణెం కూడా సులువే, ఒక విషయం తెలిస్తే. పసుపు వలయం, తెల్ల బిళ్ల విడివిడిగా తయారై ప్రెస్ దగ్గరికి వస్తాయి, రెండిటి మీదా ఒకే డై ఒకే దెబ్బ వేస్తుంది. ఆ దెబ్బకే బిళ్ల వలయంలో బిగుస్తుంది. సింహాల బొమ్మ మధ్యలో, దేశం పేరు వలయం మీద, కానీ చెక్కింది ఒకే డై మీద. కాబట్టి మధ్య బిళ్ల వంకరగా కూర్చున్నా, పక్కకి జరిగినా, వలయం రంధ్రం సరిగ్గా పడకపోయినా, సింహాలకీ పేరుకీ మధ్య కోణం మారడానికి వీల్లేదు. బొమ్మ రెండు లోహాల హద్దు దాటుకుని కొనసాగుతుంది. మీ దాంట్లో సింహాలు పక్కకి ఒరిగి, వలయం మీది పేరు మాత్రం తిన్నగా ఉంది. అంటే బిళ్లని ఊడదీసి మళ్లీ పెట్టారు, లేదా దెబ్బకి వదులై తిరిగింది. భూతద్దంలో హద్దు చుట్టూ గీతలుంటే ఊడదీసినట్టే.

పది రూపాయల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. అంకె వైపు గీతలు పది ఉన్నవి చెల్లుతాయని, పదిహేను ఉన్నవి దొంగవని, రూపాయి గుర్తు లేనివి ఎర్రర్ అని మన రెండు రాష్ట్రాల్లో కిరాణా కొట్ల దగ్గర ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు స్వయంగా చెప్పింది, అప్పటికి విడుదలైన 14 డిజైన్లూ చెల్లుతాయని. డిజైన్ మారడం ఎర్రర్ కాదు.

అలాగే సంవత్సరం కింద ఉండే గుర్తులు. హైదరాబాద్ మింట్‌కి నక్షత్రం, ముంబైకి డైమండ్ గుర్తు, నోయిడాకి చుక్క, కోల్‌కతాకి ఏమీ ఉండదు. 'నా నాణెం మీద గుర్తు మిస్సయింది, ఎర్రర్' అని నెలకొకరు అడుగుతారు, అవి కోల్‌కతావి. 1985 రూపాయి మీద 'హెచ్' అక్షరం బర్మింగ్‌హామ్‌లోని హీటన్ మింట్‌ది, 1999 ఐదు రూపాయల మీద రష్యన్ అక్షరాలు మాస్కోవి. చిల్లర కొరత వల్ల బయటి దేశాల్లో కొట్టించిన నాణేలవి.

మళ్లీ మీ వరసకి వస్తే, రెండు రూపాయల మీద జంట అంకెలు. ఇందులో రెండు రకాలున్నాయి. డై తయారయ్యేటప్పుడే దాని మీద బొమ్మ రెండుసార్లు కాస్త జరిగి పడితే, ఆ డైతో వచ్చిన ప్రతి నాణెం మీదా జంట కనిపిస్తుంది. అక్కడ రెండు అంకెలూ గుండ్రంగా, నిండుగా ఉంటాయి, మూలల్లో ఇంగ్లీషు 'వి' ఆకారంలో చిన్న చీలిక కనిపిస్తుంది. సేకర్తలు కోరుకునేది అది. రెండోది, దెబ్బ పడిన మరుక్షణం డై కాస్త కదిలి, అప్పుడే తయారైన అంకె అంచుని ఒరుసుకుంటూ వెళ్లడం. అప్పుడు అంకె పక్కన చదునైన మెట్టు లాంటిది వస్తుంది, అసలు అంకె ఆ మేరకు సన్నబడుతుంది. మీది ఈ రెండోది. 9 అంకె పక్కన ఆ మెట్టు తళతళలాడుతోంది చూడండి. మన స్టీలు నాణేల మీద ఇది ఎంత మామూలో చెప్పలేను, కావాలంటే మీ గల్లాపెట్టెలోనే ఇంకోటి దొరుకుతుంది. స్టీలు గట్టి లోహం, ప్రెస్‌లో డైల మీద భారం ఎక్కువ. అందుకే డై పగుళ్లు కూడా వీటి మీద తరచూ కనిపిస్తాయి.

పగులు అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. డై పగిలితే అక్కడ సన్నని గుంట ఏర్పడుతుంది, లోహం అందులోకి వెళ్తుంది. నాణెం మీద అది పైకి లేచిన గీతగా వస్తుంది. బయట పడిన గీత లోపలికి తెగుతుంది, గోరుతో తడిమితే గుచ్చుకుంటుంది, రెండు పక్కలా లోహం కట్టలు కట్టి ఉంటుంది. డై అంచు ముక్కే ఊడిపోతే నాణెం అంచున బొమ్మ లేని బుడిపె వస్తుంది. దాని వెనక వైపు సరిగ్గా అదే చోట ముద్ర మసకగా, అసంపూర్తిగా ఉండాలి, ఎందుకంటే లోహమంతా ఆ ఖాళీలోకి పోయింది. వెనక వైపు స్ఫుటంగా ఉంటే ఎవరో టంకం బొట్టు పెట్టారని అనుకోవచ్చు. మెళ్లో వేసుకోవడానికి కొక్కెం అతికించి తర్వాత తీసేసిన నాణేలు మన వైపు చాలా ఉంటాయి, ఆ బొట్టుని చూసి మోసపోయేవాళ్లూ ఉన్నారు.

అక్షరాలు కనపడకపోవడం కూడా తరచూ వచ్చే ప్రశ్నే. డై గుంటల్లో గ్రీజు, దుమ్ము పేరుకుంటే ఆ అక్షరం నాణెం మీద రాదు. అప్పుడు అక్కడి ఉపరితలం పక్క మైదానంలాగే నున్నగా ఉంటుంది, అక్షరం ఛాయ తరచూ లీలగా ఉంటుంది. గోకేసినదేమో అనిపిస్తే ఒక పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు వేసి చూడండి, గీతలు ఒకే దిశలో బయటపడతాయి.

బొమ్మ ఒక వైపుకి తిరిగి ఉందని అడిగేవాళ్లకి కూడా చెప్పేస్తాను. మన నాణేన్ని పైనా కిందా వేళ్లతో పట్టుకుని పుస్తకం పేజీలా పక్కకి తిప్పితే రెండో వైపు కూడా తిన్నగా రావాలి. కొద్ది డిగ్రీల తేడా లెక్కలోకి రాదు. సగం తిరిగి తలకిందులుగా వస్తే అది డై తప్పుగా బిగించడం, ఎర్రరే.

ఇదంతా యంత్రంతో కొట్టిన నాణేలకి. నిజాం కాలపు పాత చేతి అచ్చు రూపాయలు, మొఘలు రూపాయలు, విజయనగర నాణేలు తెచ్చి 'బొమ్మ పక్కకి జరిగింది' అంటే కుదరదు. వాటిని సుత్తితో ఒక్కొక్కటే కొట్టారు, డై పెద్దది, బిళ్ల చిన్నది, బొమ్మ మొత్తం పట్టేది కాదు. వాటి మీద చిన్న చిన్న గుర్తులు షరాబులు లోహం పరీక్షించి వేసుకున్నవి. ఆసక్తి ఉంటే హైదరాబాద్‌లో సైఫాబాద్ పాత మింట్‌ని మ్యూజియం చేశారు, వెళ్లి చూడండి. 1903లో మహబూబ్ అలీ ఖాన్ కాలంలో పెట్టిన మింట్ అది. 1997లో పని చర్లపల్లికి మారింది. నేను ఇక్కడ పేజీలకి పేజీలు రాస్తున్నది యంత్రాల ఎదురుగా నిలబడితే తొందరగా బుర్రకెక్కుతుంది.

మిగిలింది రాగి రంగు రూపాయి. 1983 తర్వాత వచ్చిన ఆ రకం రూపాయి కుప్రోనికెల్‌ది, నాలుగింట మూడొంతులు రాగి, ఒక వంతు నికెల్. మామూలు బరువు 6 గ్రాములు, మీది 5.9 గ్రాములు. అంటే ఇది వేరే లోహం బిళ్ల మీద కొట్టింది అనడానికి ఆధారం కనపడదు. రంగు మాత్రమే మారింది. ఇలా మారడానికి తేలికైన దారి మంట. పొయ్యిలోనో భోగిమంటలోనో పడ్డ కుప్రోనికెల్ నల్లబడుతుంది, దాన్ని చింతపండుతో తోమితే ఎర్రటి రాగి పైకి తేలుతుంది. సందేహం ఎందుకు మిగిలిందంటే, మింట్ కొలిమిలోనే కొన్ని బ్లాంకులు సరిగ్గా వేగక రాగిపూత లాంటి రంగుతో ప్రెస్‌కి వెళ్లడం ప్రపంచమంతా జరుగుతుంది. అలాంటి నాణెం మీద రంగు ముందు, ముద్ర తర్వాత. కాబట్టి బొమ్మ మీద కొత్త నాణెం మెరుపు ఆ ఎరుపులోనే కనిపించాలి, వెలుతురులో తిప్పితే బండిచక్రం ఆకుల్లా తిరగాలి. మంటలో కాలింది మందకొడిగా, గరుకుగా ఉంటుంది. మీ ఫోటో ఫ్లాష్‌తో తీశారు, మెరుపంతా దాందే. ఫ్లాష్ ఆపేసి, కిటికీ పక్కన, నాణేన్ని కాస్త వంచి రెండు మూడు కోణాల్లో తీసి పెట్టండి. అంచు ఫోటో కూడా. ఆ రంగు మింట్‌దని తేలినా దాన్ని నమ్మించడం కష్టమే, పైసలిచ్చి కొనేవాడికి చేతిలో పరీక్షించి చూపాలి.

సామాను గురించి అడిగారు. పది రెట్లు చూపించే లూప్ (చిన్న భూతద్దం), 0.01 గ్రాము చూపే చిన్న తూకం స్కేలు, కొలవడానికి వెర్నియర్, ఒక అయస్కాంతం. స్టీలు రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది, కుప్రోనికెల్ అంటుకోదు. 'వేరే లోహం మీద కొట్టిన ఎర్రర్' అని చెప్పే సగం కథలు ఈ నాలుగింటితోనే తేలిపోతాయి. స్కేలు ఎక్కువ పనికొచ్చేది యాసిడ్‌లో ముంచిన వాటికి. అక్షరాలన్నీ ఒకేలా అరిగి, నాణెం పలచబడి, బరువు బాగా తగ్గి ఉంటే యాసిడ్ పనే. వాటిని 'పలచ బ్లాంకు ఎర్రర్' అని అమ్ముతుంటారు. పలచ బ్లాంకు మీద కొట్టినది నిజమైతే ఉపరితలం నున్నగా, మెరుస్తూ ఉంటుంది. యాసిడ్‌ది లూప్‌లో గుంటలు గుంటలుగా కనిపిస్తుంది.

విలువ మాట. అసలైన ఎర్రర్‌కి కూడా కొనేవాడు చూసేది అది ఎంత పెద్దది, ఎంత అరుదు, ఎంత బాగా ఉంది అని. మీ క్లిప్ చిన్నది. వాటిని సేకరించే వాళ్లు ముఖవిలువ కన్నా మంచి ధరే ఇస్తారు, కానీ ఆ ధరతో ఇల్లు కొనలేరు. వీడియోల్లో లక్షలు చెప్పి, 'ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, జీఎస్టీ కట్టండి' అనేవాళ్లు కొనేవాళ్లు కారు. రిజర్వు బ్యాంకు పేరు, లోగో వాడుకుని పాత నోట్లు, నాణేలు కొంటామంటూ కమీషన్లు గుంజుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది. ఎవరైనా ముందు మీ నుంచి డబ్బు అడిగితే ఫోన్ పెట్టేయండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలకి పంపి సర్టిఫికెట్ తెచ్చుకుంటారు, ఎర్రర్‌ని కూడా అవి గుర్తించి రాస్తాయి. కానీ ఆ ఖర్చు మీ క్లిప్‌కి గిట్టదు. ఇంకో మాట, చదివే కుర్రాళ్లకి. ఇంట్లో వైస్‌లో పెట్టి ఎర్రర్ తయారు చేద్దామనే ఆలోచన వద్దు. నాణేల్ని కరిగించడం, ధ్వంసం చేయడం 2011 కాయినేజ్ చట్టం ప్రకారం నేరం.

ఇప్పటికి చేయాల్సింది. ఆరింటిలో ఏదీ తోమకండి, చింతపండు గానీ టూత్‌పేస్ట్ గానీ దగ్గరికి రానివ్వకండి, ముఖ్యంగా ఆ రాగి రూపాయిని. క్లిప్ రూపాయిని వేళ్లతో అంచు పట్టుకుని తీసి, పీవీసీ లేని చిన్న ప్లాస్టిక్ కవరులో విడిగా పెట్టండి. పది రూపాయల నాణెం చెల్లుబాటుదే, బిళ్ల వదులుగా ఉంటే కొట్టువాడు తీసుకోకపోవచ్చు గానీ బ్యాంకులో అడిగి చూడండి. పావలా పిల్లలకి ఇచ్చేయండి, 2011 జూన్ తర్వాత అది ఎలాగూ చెల్లదు. రాగి రూపాయి కొత్త ఫోటోలు ఈ ప్రశ్న కిందే పెడితే చూసి చెప్తాను.